నోట కరగని బెల్లం

మూడూ నలభైకి బండి. ఆ బండిలో ఖమర్జహాన్‌ని వాల్తేరు తీసుకుపోతారు. తండ్రిని చంపిందన్న నేరం మీద మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. నేను పోలీసు స్టేషనులో ఆమెను చూసేసరికి ఒంటిగంటా పది అయింది.

ఇరవై రెండేళ్ళ పిల్ల. గోడకు చేరగిలబడి కూర్చుంది. కుడిచేతి బొటనవేలిని ఎడమచేతి గుప్పిట్లో దాచుకుంది. నేను లోపలికి వెళ్ళినా తలెత్తలేదు.

"నా పేరు వెంకటరమణ. ప్రైవేటు డిటెక్టివుని. మీ మేనమామ రసూల్ నన్ను పిలిపించాడు."

"మామూకి పనిలేదు సాబ్. నేను ఒప్పేసుకున్నాను కదా."

"ఏమని?"

"నేనే చంపేనని."

"దేంతో?"

"బెల్లంతో."

ఆ మాట వినడానికి నవ్వులాటగా ఉంటుంది. కాని ఈ ఊళ్ళో సోమవారం నుంచి ఎవరూ నవ్వలేదు. అబ్దుల్ సత్తార్ బెల్లం మార్కెట్లో ముప్ఫై ఏళ్ళు దళారీ చేసిన మనిషి. దిమ్మ మీద గోటితో గీరి, నాలిక మీద వేసుకుని, ఏ ఊరి చెరుకో, ఎన్నో దఫా పాకమో చెప్పేవాడట. ఏడేళ్ళ కిందట మధుమేహం అన్నారు. అప్పటి నుంచి గీరడమే గాని నాలిక మీద వేసుకోవడం లేదు. కుడికాలి వేళ్ళు రెండు కుళ్ళి పోయాయి. తరవాత మడమ నల్లబడింది. ఈరోజు, బుధవారం, పట్నం పెద్దాసుపత్రిలో మోకాలి కిందికి కాలు తీసెయ్యాలి. సోమవారం మధ్యాహ్నం పన్నెండింటికి చనిపోయాడు. నోట్లో బెల్లం ముక్క ఉంది. తీపి జబ్బు మనిషికి బెల్లం విషమని అనకాపల్లిలో పసిపిల్లలకి కూడా తెలుసు. అందుకని ఎవరూ ఇంకేమీ ఆలోచించలేదు.

"సూది మందు ఎన్నింటికి వేశావు?"

"ఆరున్నరకి. రోజూ ఆరున్నరే."

"ఎంత?"

"సిరంజీలో రెండో గీత దాకా. రోజూ అంతే."

"ఆ తరవాత ఏం తిన్నాడు?"

"రెండు గోధుమ రొట్టెలు పెట్టేను. ఒకటి ముట్టుకోలేదు. కాలు తీసేత్తారని బెంగ."

"నువ్వు ఇల్లు వదిలింది?"

"ఎనిమిదికి. కుట్టు మిషను అమ్మడానికి. పట్నం ఖర్చులుంటాయి కదా. తిరిగొచ్చేసరికి పదకొండున్నర."

"అప్పుడెలా ఉన్నాడు?"

ఆమె మొదటిసారి నా వైపు చూసింది. "బిందెడు నీళ్ళు దిమ్మరించినట్టు తడిసిపోయేడు. ఒణికిపోతన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. మా అమ్మ పేరు పెట్టి పిలిచేడు. అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది."

"బెల్లం ఎందుకు పెట్టావు?"

"మిలట్రీకి వెళ్ళిపోయిన డాక్టరుగారు ముందెప్పుడో చెప్పేరు. సూది వేసేక చెమట పట్టి ఒణికితే బెల్లం పెట్టమని. దిండు కింద పొట్లం ఉంటాది, ఎప్పుడూ విప్పలేదు. ఆరోజు విప్పేను. అరగంటకి పోయేడు."

"డాక్టరు చెప్పిన పని చేస్తే చంపడం ఎలా అవుతుంది?"

నేను వాచీ చూసుకోకుండా కూర్చున్నాను. కొన్ని మాటలు, వినేవాడికి తొందర ఉందని తెలిస్తే బయటికి రావు.

"ఎస్సైగారు అడిగేరు సాబ్," అంది చివరికి. "ఏడేళ్ళు ఇంట్లోకి బెల్లం వాసన రానివ్వనిదానివి, ఆ రోజే ఎందుకు పెట్టేవూ అని. ఆయన అడిగేక నాకు శుక్రవారం గుర్తొచ్చింది. శుక్రవారం పొద్దున్న సూది మరగబెడతన్నాను. మిషను కొనే మనిషి వచ్చి చూసి వెళ్ళేడు. అప్పుడనుకున్నాను, ఈయన లేకపోతే రేపు ఈ సూది మరగబెట్టక్కర్లేదు కదా అని. ఒక్క క్షణం. నీళ్ళు కాగేంత సేపు కూడా కాదు."

"అంతేనా?"

"అంతకంటే ఏటుండాలి?"

చేసిన నేరం ఒప్పుకున్నవాళ్ళని నేను నలుగురైదుగురిని చూశాను. అనుకున్న నేరం ఒప్పుకున్నవాళ్ళని లెక్కపెట్టలేదు. మనసులో ఒక క్షణం కదిలిన కోరికకి బయట ఎక్కడో ఒక శవం దొరికితే, మనిషి ఆ రెండింటినీ తానే ముడివేసుకుంటాడు. పోలీసు ముడి వెయ్యక్కర్లేదు.

లేవబోతూ అడిగాను. "మందు సీసా ఎక్కడుంది?"

"గూట్లో పెట్టేను. కొత్త సీసా. ఆదివారం సాయంత్రం కాంపౌండరు సింహాచలం తెచ్చేడు. సోమవారమే మొదటిసారి గుచ్చేను."

"పాతదానిలాగే ఉందా?"

"దాని మూత తెల్లది, దీనిది ఎర్రది. మీద చీటీ గీకేసి ఉంది. అబ్బాజాన్‌ని అడిగేను. చూపు సరిగా ఆనదు కదా, చేత్తో తడిమి, 'అదే మందు, అదే గీత' అన్నాడు."

*

సత్తార్ ఇంటి తాళం రసూల్ దగ్గర ఉంది. రసూల్ మార్కెట్ వీధిలో వాచీలు బాగుచేస్తాడు. ఒక కంటికి అద్దం పెట్టుకునే అలవాటు వల్ల మామూలుగా చూసినా ఒక కన్ను చికిలించే ఉంటుంది. ఒంటిగంటా నలభైకి తలుపు తీశాడు.

"సోమవారం పంచనామా అయ్యాక ఎవరినీ రానివ్వలేదు సాబ్. ఒక్క చీపురు పుల్ల కూడా కదపలేదు."

గదిలో లోబాను సాంబ్రాణి పొగ వాసన, దాని కింద పుండు వాసన. పొగని పుండు కోసమే వేసేవారని తెలుస్తూనే ఉంది. నులకమంచం. దుప్పటి తీసి వెలుతురులో పెట్టాను. మనిషి పడుకున్నంత మేర ఉప్పు చారలు కట్టి అట్టలా ఉంది. గూట్లో స్పిరిట్ దీపం, సిరంజీ, సూదులు రెండు, మూత్రంలో చక్కెర పరీక్షించే నీలం మందు సీసా, గాజు గొట్టం. ఇన్సులిన్ సీసా లేదు. గూడంతా దుమ్ము, ఒక్కచోట మాత్రం రూపాయి బిళ్ళంత మేర దుమ్ము లేదు.

మంచం కింద మట్టి మూకుడు. సత్తార్ లేచి పెరట్లోకి వెళ్ళలేడు కనక అందులోనే పోసేవాడు. పెరటి తూము దగ్గరికి వెళ్ళి చూశాను. రోజూ మూకుడు కుమ్మరించే చోట ఇప్పటికీ చీమల బారు ఉంది. లోపలికి వచ్చి మూకుడు చూశాను. సోమవారం నాటిది అడుగున ఇంకా మిగిలి ఉంది. దాని దరిదాపుల్లో ఒక్క చీమ లేదు.

"రసూల్ భాయ్, దీపం వెలిగించండి."

"ఏటండీ, మంత్రమా, తంత్రమా?"

గుమ్మంలో సబ్ ఇన్‌స్పెక్టరు త్రినాధరావు. నలభై ఐదేళ్ళ మనిషి. బెల్టు రెండు బెజ్జాలు లోపలికి జరిగింది, ఆ పాత బెజ్జాల గుర్తులు కనిపిస్తున్నాయి. చంకలో తోలు సంచి.

"మీరొచ్చేరని మా జవాను చెప్పేడు. మద్రాసులో సర్కారు ఉద్యోగం వొదిలేసి, ఇలా ఊళ్ళమ్మట తిరుగుతన్నారేటి పాపం?"

"సోమవారం మీరు రాసిన పంచనామా ఒకసారి చూపిస్తారా?"

"చూడండి. దాచడానికి నేనేం దళారీనా?" సంచిలోంచి కాగితం తీసి నా మీదికి విసిరినట్టు ఇచ్చాడు. సంచిలో లక్క ముద్ర వేసిన గుడ్డ పొట్లం ఒకటి కనిపించింది. నోట్లోంచి తీసిన ముక్క, దిండు కింది పొట్లంలో మిగిలిన బెల్లం అందులోనే ఉన్నాయట.

కాగితం చదివాను. నోటిలో బెల్లపు ముక్క, కరగలేదు. ఒళ్ళు, పక్క తడి. కుడిచేతి వేళ్ళ కొసలు కాలిన బొబ్బలు, కొన్ని పాతవి, కొన్ని కొత్తవి.

"ఈ బొబ్బలేమిటి?"

"ఏటా? కన్నకూతురు తండ్రికి వాతలు పెట్టింది. బెల్లం పెట్టిన చెయ్యి నిప్పు పెట్టదా?"

"పాతవీ కొత్తవీ ఉన్నాయని మీరే రాశారు. పదిసార్లు కాలితే ఒక్కసారైనా అరవడా? పక్కింటివాళ్ళు విన్నారా?"

"అరవలేదు. అదే నేనూ అడుగుతన్నాను."

"మందు సీసా ఏది? ఇందులో రాయలేదే?"

"లేదు కాబట్టి రాయలేదు. ఇప్పుడా మందు బంగారంతో సమానం. యుద్ధం వచ్చేక పట్నంలో రెండు నెలలుగా ఒక్క షాపులో దొరకలేదు. ఆ పిల్లే ఎవరికో అమ్మేసుంటాది."

"తండ్రి పోయిన గంటలోనే?"

"పోకముందే అనండి."

గాజు గొట్టంలో నీలం మందు పోసి, మూకుడులోంచి తీసినదాన్ని చుక్కలుగా వేశాను. దీపం మీద పెట్టబోయాను.

"పది వేసేరేటండీ?" అన్నాడు త్రినాధరావు. "ఎనిమిది కదా వెయ్యాలి."

"ఎక్కువ వేస్తే రంగు ఇంకా బాగా తిరుగుతుంది. మీకే మంచిది."

గొట్టంలో మందు బుడబుడమంది. చక్కెర ఉంటే ఆకుపచ్చకి, పసుపుకి, చివరికి ఇటుక రంగుకి తిరగాలి. మేము ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడ్డాం. రెండు నిమిషాలు పొంగింది. నీలంగానే ఉండిపోయింది.

"ఏడేళ్ళ మధుమేహం," అన్నాను. "కాలు కుళ్ళిన మనిషి. చచ్చిపోయే వేళకి ఒంట్లో చక్కెర లేదు. చీమలు మీకంటే ముందే కనిపెట్టాయి. బెల్లం అతన్ని చంపలేదు త్రినాధరావుగారూ. ఆ వేళ ప్రపంచంలో అతనికి పనికొచ్చే మందు అదొక్కటే. ఆలస్యమైంది. మింగే శక్తి పోయాక పెట్టింది, అందుకే కరగలేదు."

అతని మొహంలో ఏదో కదిలింది. కోపం అనుకున్నాను. ఆ క్షణాన సరిగా చూడనందుకు తరవాత చాలాసేపు నన్ను నేను తిట్టుకున్నాను.

"నీలం మందు పాడైపోయుంటాది," అన్నాడు గబగబా. "ఇవన్నీ వాల్తేరులో చెప్పుకోండి, మేజిస్ట్రేటు దొరగారికి చూపించండి ఈ రంగునీళ్ళు. ఆ పిల్ల ఒప్పుకుంది. సంతకం పెట్టింది. మూడూ నలభై."

బూట్ల చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది. రెండూ పది.

*

"రసూల్ భాయ్, సత్తార్ గారి వేళ్ళ బొబ్బల సంగతి మీకు తెలుసా?"

"స్నానం చేయించింది నేనే సాబ్. చూసేను. టీ గ్లాసు పట్టుకుంటే అలాగే పట్టుకునేవాడు. కాలుతోంది బావా అంటే, 'అవునా' అని కింద పెట్టేవాడు."

"వాచీ ఉండేదా?"

అతను చికిలించిన కన్ను తెరిచాడు. "ఉండేది. రెండు నెలల్లో మూడుసార్లు స్ప్రింగు తెంపేడు. కీ తిప్పుతూ ఉంటే ఒకచోట బిగుస్తాది కదా, అక్కడ ఆపాలి. ఆయన ఆపడం లేదు. 'ఏటి బావా, పగబట్టేవా గడియారం మీద' అంటే నవ్వేసేడు."

బిగువు వేళ్ళకి తెలియలేదు. వేడి వేళ్ళకి తెలియలేదు. ఈ జబ్బు కాళ్ళలో మొదలుపెట్టిన పని చేతుల్లోకి తెచ్చింది. కాని కాలు కుళ్ళితే ఊరంతా తెలుస్తుంది. వేళ్ళు చచ్చిపోతే మనిషికి ఒక్కడికే తెలుస్తుంది. సత్తార్ ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఊహించడానికి మార్కెట్టులో అరగంట నిలబడితే చాలు. అక్కడ బెల్లం ధర నోటితో పలకరు. కొనేవాడి చేతినీ దళారీ చేతినీ ఒక తువ్వాలు కప్పుతుంది. దాని కింద వేళ్ళు పట్టుకుని నొక్కి ధర చెప్పుకుంటారు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అన్ని రూపాయలు. వేలుని సగానికి మడిస్తే సగం. నోరు వేరే కబుర్లు చెబుతూ ఉంటుంది. వేళ్ళు చచ్చిన దళారీ అంటే కళ్ళు లేని టైలరు.

సింహాచలం డిస్పెన్సరీ వెనక గదిలో సీసాలు కడుగుతున్నాడు. యాభై దాటినవాడు. పదిహేనేళ్ళు మార్కెట్లో సత్తార్ దగ్గర తూకం వేసి, ఆ తరవాత కాంపౌండరైనాడు. ఆ ఉద్యోగం వేయించింది కూడా సత్తారే. నన్ను చూడగానే చేతిలో సీసా జారింది, పగలలేదు.

"నాకేటీ తెల్దు బాబూ."

"నేనింకా ఏమీ అడగలేదు."

నా కండువా తీసి కుడిచేతి మీద వేసుకుని అతని ముందు చాపాను. "ఆదివారం సాయంత్రం సత్తార్ గారి గదిలో ఏం చెప్పావో చెప్పు. నోటితో వద్దు."

అతను ఆ కండువా వంక పామువంక చూసినట్టు చూశాడు. తడిచెయ్యి పంచెకి తుడుచుకుని కండువా కిందికి పోనిచ్చాడు. ముందు నాలుగు వేళ్ళూ కలిపి పట్టుకుని మూడుసార్లు నొక్కాడు.

"ఇదేమిటి?"

"దర బాబూ. ఆ పిల్లకి దర తెలిస్తే మిగిలిందీ అమ్మేత్తాదని, ఆయన ఎప్పుడూ తువ్వాలు కిందే అడిగేవోడు. మందు కబురు గదిలో నోటితో అనకని నాచేత ఒట్టేయించుకున్నాడు. సెవుల్దుద్దులు ఎల్లిపోయేయి, ఎండిపట్టాలు ఎల్లిపోయేయి, మిసను కూడా ఎల్లిపోతాదని ఆయనకి తెలుసు."

"తరవాత?"

అతను నా చూపుడువేలు పట్టుకుని మధ్య కణుపు దగ్గర మెల్లిగా వంచాడు. అక్కడే ఆగిపోయాడు.

"సగం," అన్నాను.

"సగం బాబూ. అది మిలట్రీ ఆసుపత్రి సరుకు. పాతదానికి రెండింతల గాటు. రెండో గీత కాదు, మొదటి గీతే ఎయ్యాల. సెప్పేను. రెండుసార్లు వంచి సెప్పేను."

"నోటితో ఎందుకు చెప్పలేదు?"

"ఆ పిల్ల అక్కడే కూకుంది. దొంగసరుకు. బయటికొస్తే నాకు జైలు. ఆయన సూత్తే సరే అని తలూపేడు. నా సెయ్యి గట్టిగా నొక్కేడు కూడా."

"బేరం అయ్యాక నొక్కుతారు. అది ముప్ఫై ఏళ్ళ అలవాటు." అతని చెయ్యి ఇంకా కండువా కిందే ఉంది. తీసుకోవడం మరిచిపోయాడు. "సింహాచలం, ఆయన వేళ్ళకి నిప్పు కూడా తెలియడం లేదు. నువ్వు వంచావో లేదో ఆయనకి తెలియదు. తెలియలేదని నీ దగ్గర ఒప్పుకుంటే ఇక దళారీ కాదు. అందుకని తలూపాడు."

అతను ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. నా వేలుని ఇంకోసారి వంచి చూసుకున్నాడు, తాను చెప్పిన మాట ఎక్కడ పడిపోయిందో వెతుక్కుంటున్నట్టు.

"ఈ మట్టిబుర్రకి తట్టనేదు బాబూ. రెండు నెల్లనించి నానేటి సెప్పినా ఆయన బేరమాడనేదు. సరే, సరే అన్నాడు. పెద్దమనిసి, నామీద నమ్మకం అనుకున్నాను."

నాకు ఒక లెక్క తేలింది. హత్య లేదు. ఆత్మహత్య లేదు. ఒక సిగ్గు, ఒక భయం, ఒక తువ్వాలు ఉన్నాయి. వీటిని కోర్టులో చెబితే ఖమర్జహాన్ బయటికొస్తుంది. అదే వాక్యంలో ఇంకో మాట కూడా ఉంటుంది: బెల్లం కాదు, సూది. ఆమె చేతి సూది. ఇప్పుడామె తనది కాని నేరాన్ని మోస్తోంది, అది బరువే గాని అబద్ధం. నేను దాన్ని దించి ఆ చోట నిజాన్ని పెట్టబోతున్నాను. వీలైతే ఆమెకి చెప్పకుండా మేజిస్ట్రేటుకి మాత్రమే చెప్పాలి అనుకున్నాను. అలాటి వీలు ఉండదని నాకు తెలుసు. అయినా అనుకున్నాను.

"ఈ సరుకు ఇంకెవరికి ఇచ్చావు?"

"ఎవలికీ నేదు. ఒకటే సీసా దొరికింది. ఎస్సైగారు కూడా అడిగేరు, ఆళ్ళమ్మగారికి. నేదని సెప్పేసేను."

నేను కండువా లాగేశాను.

ఎనిమిది చుక్కలు. ఆ పరీక్ష ఇంట్లో రోజూ చేసేవాడికి తప్ప ఎనిమిదని ఎవరికి తెలుస్తుంది? పంచనామాలో లేని సీసా. గూట్లో దుమ్ము లేని బిళ్ళంత చోటు.

"ఆవిడకి సూది ఎన్నింటికి వేస్తారు?"

"పగలు పదకొండుకి బాబూ. పాత సీసా నిన్నటితో అయిపోయుంటాది."

గోడ గడియారం రెండూ యాభై చూపిస్తోంది.

*

త్రినాధరావు ఇల్లు రైలు స్టేషనుకి వెళ్ళే దారిలోనే ఉంది. నేను పరిగెత్తుకుంటూ చేరేసరికి ఇంటి ముందు జట్కా ఆగి ఉంది. అందులో ఖమర్జహాన్, పక్కన జవాను. ఊరు దాటేముందు తల్లిని చూసి వెళ్ళడం త్రినాధరావు అలవాటట. లోపలి నుంచి అతని కేక వినిపించింది.

"అమ్మా! అమ్మా, ఇలా చూడు! నేనమ్మా, తిరిపతిని!"

అమ్మ పెట్టిన ముద్దుపేరు కాబోలు. నూకరత్నమ్మ చాప మీద వెల్లకిలా ఉంది. డెబ్బై ఏళ్ళ మనిషి. రవిక తడిసి ఒంటికి అంటుకుంది. పెదవులు వణుకుతున్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని ఎవరినీ చూడడం లేదు. త్రినాధరావు భార్య గోడకి ఆనుకుని నోట్లో కొంగు కుక్కుకుంది.

"ఎంత వేశారు?" అన్నాను ఆమెతో.

"రోజూ ఏసేదే. రెండో గీత."

"బెల్లం తెండి. పంచదారైనా సరే. వెంటనే!"

ఆమె కదలలేదు. "మాయింట్లో లేదండి. అయిదేళ్ళయింది. అత్తగారి కంటబడకూడదని గుమ్మం లోపలికి రానివ్వరు."

ఈ ఊళ్ళో బళ్ళ కొద్దీ బెల్లం. మార్కెట్లో, వీధుల్లో, రైలు గోదాముల్లో. ఈ ఇంట్లో చీమకి కూడా చాలదు.

త్రినాధరావు నా వైపు చూశాడు. నా గొట్టంలో మిగిలిన ఆ నీలం అతనికి అప్పుడే అర్థమైందని ఇప్పుడు తెలిసింది. అర్థమైనా నమ్మడానికి భయపడ్డాడు. నమ్మితే గూట్లోంచి తీసింది ఏమిటో, ఎవరికిచ్చాడో కూడా నమ్మాలి. తోలు సంచి కింద బోర్లించాడు. కాగితాల మధ్యనుంచి లక్క ముద్ర వేసిన పొట్లం పడింది. పళ్ళతో ముద్ర కొరికాడు. లక్క పెచ్చులు చాప మీద రాలాయి. సాక్ష్యం గుడ్డలోంచి బెల్లం ముక్క తీసి తల్లి నోట్లో పెట్టబోయాడు.

"అలా వద్దు!"

ఖమర్జహాన్ గుమ్మంలో నిలబడి ఉంది. వెనక జవాను, ఆపాలో వద్దో తెలియక.

"ముక్క పెట్టకండి, అది కరగదు. నేను ముక్కే పెట్టేను. నీళ్ళు తెండి."

ఎవరో గ్లాసు ఇచ్చారు. ఆమె కూర్చుని ముసలావిడ తల ఒళ్ళోకి తీసుకుంది. బెల్లం అరచేతిలో నలిపి నీళ్ళతో రంగరించి, చూపుడువేలితో చిగుళ్ళకి పూసింది. కింద, పైన, బుగ్గల లోపల. మళ్ళీ తడిపింది. మళ్ళీ పూసింది. ఆమె వేలికి తెలుస్తోంది, ఎక్కడ ఆపాలో, ఎక్కడ నొక్కాలో. అయిదు నిమిషాలు. పది. త్రినాధరావు తల్లి పాదాలు పట్టుకుని కూర్చున్నాడు. ఆ పాదాల్లో కూడా ఒకదానికి కట్టు ఉంది. నేను ఇప్పుడే చూశాను.

మూడూ ఇరవై ఐదుకి ముసలావిడ గొంతు కదిలింది. ఒక గుటక. ఖమర్జహాన్ గ్లాసు అంచు పెదవికి ఆనించింది. ఇంకో గుటక. మరి పది నిమిషాలకి చూపు మళ్ళీ మనుషుల మీద నిలిచింది.

"ఎవలే నువ్వు?" అంది నూకరత్నమ్మ. "ఎంత తియ్యగుందే... ఎన్నాళ్ళయిందో."

త్రినాధరావు భార్య భోరుమంది. అతను లేచి గోడ వైపు తిరిగాడు. అటు తిరిగే అన్నాడు. "గూట్లోంచి నేనే తీసేను. చచ్చినోడికి ఎందుకు అనుకున్నాను. మా అమ్మకి పాతది రెండు రోజుల కంటే రాదు. జీతం మీద ఇంకెక్కడ కొంటాను?" తరవాత ఇటు తిరిగాడు. "తల్లీ, నువ్వు ఇంటికి పో. కేసు లేదు. సాక్ష్యం ఇదిగో, మా అమ్మ మింగేసింది."

ఖమర్జహాన్ అతని మాట వినలేదు. కిటికీ గట్టు వంక చూస్తోంది. అక్కడ చీటీ గీకేసిన సీసా, ఎర్ర మూత.

"ఇది మా సీసా," అంది.

ముసలావిడ నుదుటి మీద చెమట కొంగుతో తుడిచింది.

"ఈవిడకీ అదే చెమట. అదే ఒణుకు. ఈవిడకి బెల్లం ఎవరూ పెట్టలేదు కదా సాబ్?"

"అమ్మా, నీ తప్పేమీ లేదు. సింహాచలం చెప్పిన మాట మీ నాన్నకి..."

"నేను కూడా రెండో గీతే."

ఆ మాట నెమ్మదిగా అంది, లెక్క సరిచూసుకున్నట్టు. నేను మొదలుపెట్టిన వాక్యం నా నోట్లోనే ఉండిపోయింది. అందులో తువ్వాలు, దొంగసరుకు, చచ్చిన వేళ్ళు అన్నీ ఉన్నాయి, ఆమెకి పనికొచ్చేది ఒక్కటీ లేదు. ముసలావిడ తలని జాగ్రత్తగా చాప మీద దించింది. లేచి నిలబడి బెల్లం అంటిన కుడిచేతిని చూసుకుంది. సిరంజీ నొక్కే బొటనవేలిని మిగతా వేళ్ళలో మడిచి దాచింది. రెండు చేతులూ కలిపి త్రినాధరావు ముందు చాపింది.

"పదండి, టైమయింది."

స్టేషను వైపు నుంచి బండి కూత వినిపించింది. దగ్గరగా వచ్చి, దూరమైంది.

"బండి వెళ్ళిపోయిందమ్మా," అన్నాడతను.

"ఇంకో బండి ఎన్నింటికి?" అని అడిగింది.